కల్వచర్ల కేసు: బొగ్గు బెల్టులో ఒక హత్య, వాయిదాల చరిత్ర

పెద్దపల్లి జిల్లా రామగిరి మండలంలోని కల్వచర్ల, మంథని–పెద్దపల్లి రోడ్డు మీది ఊరు. చుట్టూ సింగరేణి రామగుండం–3 ఏరియా గనులు, ఓపెన్‌కాస్టు మట్టిగుట్టలు, సెంటినరీ కాలనీ క్వార్టర్లు. 2021 ఫిబ్రవరి 17 మధ్యాహ్నం ఈ ఊరి దగ్గర దుండగులు ఒక కారును అడ్డగించి, అందులో వెళ్తున్న హైకోర్టు న్యాయవాదులు గట్టు వామన్‌రావును, ఆయన భార్య నాగమణిని కత్తులతో నరికి చంపారు. మంథని కోర్టులో పని ముగించుకుని హైదరాబాద్ తిరిగి వెళ్తుండగా ఈ దాడి జరిగింది. అది పట్టపగలు. రోడ్డు మీద వాహనాలు ఆగిపోయాయి. ఆర్టీసీ బస్సుల్లోని ప్రయాణికులు కిటికీల్లోంచి చూశారు. నెత్తురు మడుగులో పడి ఉన్న వామన్‌రావును దగ్గరున్నవాళ్లు ఎవరు కొట్టారని అడిగారు, ఆయన చెప్పారు, ఆ మాటలు సెల్‌ఫోన్‌లో రికార్డయ్యాయి. సాయంత్రానికల్లా ఆ వీడియో రాష్ట్రమంతా తిరిగింది.

ఇంతమంది చూసిన హత్యలు, ఇంత స్పష్టంగా కెమెరాకు చిక్కిన హత్యలు తెలంగాణలో అరుదు. అయినా నాలుగేళ్లు దాటాక కూడా ఈ కేసులో దర్యాప్తు ఎవరు చేయాలన్న ప్రశ్న మీదే సుప్రీంకోర్టులో వాదనలు నడిచాయి. ఇంత కాలం ఎలా గడిచిందో అర్థం కావాలంటే ఈ ప్రాంతానికి కోర్టులతో ఉన్న పాత సంబంధాన్నీ, హత్య కేసు ఒక్కో మెట్టు ఎక్కే తీరునూ చూడాలి.

మంథని పాత ఊరు. వేదం చదువుకున్న బ్రాహ్మణ కుటుంబాలకు పేరుపడ్డది. వకీలుగా శిక్షణ పొంది ప్రధానమంత్రి అయిన పీవీ నరసింహారావు 1957 నుంచి 1977 వరకు ఇక్కడి శాసనసభ్యుడు. అదే జిల్లాలోని గోదావరిఖని మాత్రం కొత్త ఊరు. 1950ల చివర, 60ల మొదట ఇక్కడ గనులు తెరిచాక కరీంనగర్, ఆదిలాబాద్, వరంగల్ పల్లెల నుంచి వచ్చిన కూలీలతో నిండింది. తర్వాత రామగుండం థర్మల్ కేంద్రం, ఎరువుల కర్మాగారం, ఎన్టీపీసీ వచ్చాయి. జనం పెరిగినంత వేగంగా కోర్టులు పెరగలేదు. పెద్దపల్లి 2016 అక్టోబరు 11న జిల్లా అయింది, అదే నెలలో రామగుండం పోలీసు కమిషనరేట్ ఏర్పడింది. జిల్లా కోర్టు మాత్రం 2022 జూన్ 2న, రాష్ట్రంలోని కొత్త జిల్లాలన్నింటితో పాటు వచ్చింది. అంతకుముందు జిల్లా జడ్జి కూర్చునేది కరీంనగర్‌లోనే. గోదావరిఖని నుంచి అరవై కిలోమీటర్లకు పైగా దూరం.

కోర్టు భాష నిజాం కాలం నుంచి వచ్చింది. హైదరాబాద్ సంస్థానంలో న్యాయశాఖను పాలనాశాఖ నుంచి 1921లోనే విడదీశారు, బ్రిటిష్ ఇండియాలో ఎక్కడా అప్పటికి జరగని పని అది. కోర్టుల్లో ఉర్దూ నడిచేది. అందుకే ఇప్పటికీ ఈ జిల్లాలో పెద్దవాళ్లు ‘పేషీ పడ్డది’ అంటారు, ‘జామీను దొరికింది’ అంటారు. వాయిదా అన్న మాట కూడా ఆ దారిలోనే వచ్చింది. దాని అరబ్బీ మూలానికి అర్థం మాట ఇవ్వడం, వాగ్దానం. ఫలానా రోజున వింటామని కోర్టు ఇచ్చే మాట. వందేళ్లుగా జనం నోట్లో నలిగి ఆ మాటకు ఈ రోజు కాదు అన్న అర్థం స్థిరపడింది.

కోర్టులో ఏళ్లు పడుతుందన్న నమ్మకం ఈ ప్రాంత రాజకీయ చరిత్రను కూడా మలిచింది. 1980లో పీపుల్స్‌వార్, 1981లో సింగరేణి కార్మిక సమాఖ్య పుట్టాక బొగ్గు బెల్టులో, చుట్టుపక్కల పల్లెల్లో భూమి తగాదాల నుంచి కూలీ రేట్ల దాకా, గుడుంబా నుంచి వడ్డీ వ్యాపారుల బాకీల దాకా అన్నీ ‘అన్నల’ (నక్సలైట్ల) ముందుకు వెళ్లాయి. ఒక్క రాత్రిలో తేలిపోతుందన్నదే ఆ పంచాయితీల బలం. క్రాస్ ఎగ్జామినేషన్ లేదు, అప్పీలు లేదు, తప్పు తీర్పును దిద్దుకునే దారి లేదు. అదే వాటి ఘోరం. మంథని నుంచి గెలిచి ఉమ్మడి రాష్ట్ర శాసనసభ స్పీకర్‌గా పనిచేసిన దుద్దిళ్ల శ్రీపాదరావును నక్సలైట్లు 1999 ఏప్రిల్ 13న చంపారు.

అదే కాలంలో పౌరహక్కుల న్యాయవాదుల మీద కూడా దాడులు జరిగాయి. జగిత్యాలలో న్యాయవాది గోపి రాజన్నను 1985 జనవరి 26న కాల్చి చంపారు. వరంగల్‌లో న్యాయవాది నర్రా ప్రభాకర్‌రెడ్డి 1991 డిసెంబరు 7న హతుడయ్యాడు. న్యాయవాది పురుషోత్తం 2000 నవంబరు 23న హైదరాబాద్‌లో హత్యకు గురయ్యాడు. కల్వచర్ల వార్త విన్న పాత తరం వకీళ్లకు మొదట గుర్తొచ్చినవి ఈ పేర్లే. వామన్‌రావు దంపతులు కూడా ప్రజాప్రయోజన వ్యాజ్యాలు వేసినవాళ్లు. 2020 మేలో మంథని పోలీసు స్టేషన్‌లో నిర్బంధంలో ఉన్న ఒక వ్యక్తి చనిపోతే నాగమణి హైకోర్టును ఆశ్రయించారు. విచారణ జరిపి నివేదిక ఇవ్వమని హైకోర్టు అప్పటి హైదరాబాద్ పోలీసు కమిషనర్‌కు అప్పగించింది.

హత్య జరిగిన మర్నాడు, ఫిబ్రవరి 18న, ప్రధాన న్యాయమూర్తి హిమా కోహ్లి, జస్టిస్ బి. విజయ్‌సేన్‌రెడ్డి ధర్మాసనం తనంతట తానుగా కేసు చేపట్టింది. సాక్ష్యాలు చెదిరిపోకుండా చూడాలంది, దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో నివేదిక ఇమ్మంది. ఆ రోజు రాష్ట్రమంతటా న్యాయవాదులు కోర్టులు బహిష్కరించారు. వాళ్ల కోపం న్యాయమైనదే, వాళ్లు పోగొట్టుకున్నది తోటి వకీళ్లను. అయితే బహిష్కరణ రోజున కూడా ఎక్కడో ఒక సాక్షి పొద్దున్నే బస్సెక్కి కోర్టుకు వచ్చి, మధ్యాహ్నం కొత్త తేదీ రాసుకుని వెళ్తాడు. న్యాయవాదులకు సమ్మె హక్కు లేదని సుప్రీంకోర్టు హరీష్ ఉప్పల్ కేసులో 2002లోనే చెప్పింది. ఆ తీర్పు వచ్చాక కూడా బార్ అసోసియేషన్ల తీర్మానాలు ఆగలేదు, వాటితో పాటు వాయిదాలూ ఆగలేదు.

పోలీసులు నిందితులను రోజుల వ్యవధిలోనే పట్టుకున్నారు. దాడిలో వాడిన కత్తులను సుందిళ్ల బ్యారేజీ నీళ్లలో గజ ఈతగాళ్లతో వెతికించారు. మే నెలలో మంథని కోర్టులో అభియోగపత్రం దాఖలైంది. ఈ వేగానికి కారణం చట్టంలోనే ఉంది. హత్య కేసులో అరెస్టయినవాణ్ణి రిమాండుకు పంపిన నాటి నుంచి 90 రోజుల్లో అభియోగపత్రం వేయకపోతే, అడిగిన వెంటనే జామీను ఇవ్వాల్సిందే. అప్పటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 167 పెట్టిన గడువు ఇది. తప్పితే ఏం జరుగుతుందో దర్యాప్తు అధికారికి తెలుసు, అతని పై అధికారికీ తెలుసు. అందుకే ఆ 90 రోజులూ స్టేషన్‌లో పని ఆగదు.

ఆ మెట్టు దాటాక అలాంటి గడియారం ఇంకెక్కడా లేదు. ఈ దేశంలో హత్య కేసులు ఏళ్ల తరబడి నడవడానికి అన్నింటికన్నా పెద్ద కారణం ఇదే. విచారణ మొదలయ్యాక ఆలస్యం చేసినందుకు ఏ పక్షానికీ నేరుగా నష్టం లేదు. నష్టమంతా సాక్షిది, చనిపోయినవాళ్ల ఇంటివాళ్లది, నిర్దోషి అయితే జైల్లో ఉన్న ముద్దాయిది.

అభియోగపత్రం అందాక మేజిస్ట్రేటు ముద్దాయిలందరికీ కాగితాల నకళ్లు ఇవ్వాలి. ఒకప్పుడు ఇది కట్టలు కట్టిన టైపు ప్రతులతో అయిపోయేది. సెల్‌ఫోన్ వీడియోలు, సీసీ కెమెరా దృశ్యాలు, కాల్ రికార్డులు సాక్ష్యంగా వచ్చాక నకలు ఇవ్వడమే ఒక దశ అయిపోయింది. ఫోరెన్సిక్ ల్యాబ్ నివేదిక రాలేదని ఒక వాయిదా, పెన్‌డ్రైవ్ తెరుచుకోలేదని ఇంకొకటి, ఒక ముద్దాయికి అందిన పేజీలు మరో ముద్దాయికి అందలేదని మరొకటి. అవన్నీ పూర్తయితేనే కేసు సెషన్స్ కోర్టుకు కమిట్ అవుతుంది. అక్కడ అభియోగాలు మోపే ముందు ముద్దాయిలు తమను కేసు నుంచి తప్పించాలని డిశ్చార్జి పిటిషన్లు వేస్తారు. ఒకటి కొట్టేస్తే హైకోర్టుకు వెళ్తారు. హైకోర్టులో స్టే దొరికితే కింది కోర్టులో ఫైలు కదలదు. ప్రతి అడుగూ చట్టం ఇచ్చిన హక్కే. ఏడుగురు ముద్దాయిలున్న కేసులో ఒక్కొక్కరు ఒక్కో నెలలో ఆ హక్కును వాడుకుంటే రెండేళ్లు ఇట్టే గడుస్తాయి.

సాక్షుల విచారణ మొదలయ్యాక అసలు కష్టం కోర్టు హాల్లో కనిపిస్తుంది. సాక్షి గని కాంట్రాక్టు కార్మికుడనుకుంటే, సమన్లు చేతికొచ్చిన రోజే లెక్క మొదలవుతుంది. మొదటి షిఫ్టు పోతే మస్టరు పోతుంది, మస్టరు పోతే ఆ రోజు కూలి పోతుంది. పదిన్నరకు కోర్టు కానిస్టేబుల్ వచ్చినవాళ్ల పేర్లు రాసుకుంటాడు. బంట్రోతు వరండాలోకి వచ్చి కేసు నంబరు, ముద్దాయిల పేర్లు మూడుసార్లు గట్టిగా పిలుస్తాడు. ముద్దాయిల్లో ఒకరు రాలేదని వకీలు ఆబ్సెంట్ పిటిషన్ ఇస్తారు. క్రాస్ చేయాల్సిన సీనియర్ హైకోర్టులో మరో కేసులో ఉన్నారని జూనియర్ లేచి టైమ్ అడుగుతారు. ప్రాసిక్యూటర్ అభ్యంతరం లేదంటారు, ఎందుకంటే అదే రోజు ఆయన చేతిలో ఇంకో రెండు సెషన్స్ కేసులున్నాయి. జడ్జి డైరీ తిప్పి తేదీ వేస్తారు. సాక్షి వరండాలో బెంచీ మీంచి లేచి, ఫోన్‌లో ఆ తేదీ రాసుకుని బస్టాండుకు నడుస్తాడు. సాక్షికి దారిఖర్చు, బత్తా ఇప్పించే అధికారం కోర్టుకు ఉంది. అడిగే సాక్షులు తక్కువ, అడగవచ్చని చెప్పేవాళ్లు ఇంకా తక్కువ.

ఇది ఒక ఊరి కోర్టు తీరు మాత్రమే కాదు. సాక్షులను మళ్లీ మళ్లీ తిప్పించి పంపడం గురించి సుప్రీంకోర్టు 2000లో స్వరణ్ సింగ్ కేసులో ఎంతో బాధతో రాసింది. 2015లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చిన పంజాబ్ వినోద్ కుమార్ కేసులో ఒక సాక్షికి చీఫ్ (పిలిచిన పక్షం చేసే మొదటి విచారణ) అయిన 20 నెలలకు క్రాస్ జరిగింది. ఆ మధ్యలో సాక్షి ప్రాసిక్యూషన్‌కు అడ్డం తిరిగాడు. ఇలా చీఫ్ ఒక నాడు, క్రాస్ మరో కాలంలో జరగడమే హత్య కేసులకు అన్నింటికన్నా పెద్ద దెబ్బ. చీఫ్ అయిన రోజు సాయంత్రానికి సాక్షి ఏం చెప్పాడో ఊరందరికీ తెలిసిపోతుంది. అక్కడి నుంచి క్రాస్ దాకా గడిచే ప్రతి నెలా అతని ఇంటికి ఎవరో ఒకరు వచ్చి కూర్చునే నెల. చుట్టం వస్తాడు, కులపెద్ద వస్తాడు, బాకీ ఉన్నవాడు వస్తాడు. చివరికి బోనులో నిలబడి తాను ఏమీ చూడలేదంటే, ‘హోస్టైల్’ అని ఒక ముక్కలో రాసి పంపేస్తారు. ఆ మాట అతని నోట రావడానికి పట్టిన ఏడాదిన్నర కాలం రికార్డులో ఎక్కడా ఉండదు.

తెలుగు నేల మీద ఈ ఆలస్యం ఎంత దూరం పోగలదో చూపిన కేసులు కోస్తాలో ఉన్నాయి. 1985 జులై 17న ప్రకాశం జిల్లా కారంచేడులో జరిగిన దళితుల హత్యల కేసులో తుది తీర్పు 2008 డిసెంబరులో సుప్రీంకోర్టు నుంచి వచ్చింది. మధ్యలో 23 ఏళ్లు. గుంటూరు జిల్లా చుండూరులో 1991 ఆగస్టు 6న ఎనిమిది మంది దళితులను చంపి శవాలను గోనెసంచుల్లో కుక్కి కాలువలో పడేశారు. ఆ కేసు ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద ప్రత్యేక కోర్టుకు వెళ్లింది. అయితే ప్రత్యేక కోర్టు మేజిస్ట్రేటు కమిటల్ లేకుండా నేరుగా కేసు తీసుకోవచ్చా అన్న ప్రశ్న ఉమ్మడి రాష్ట్రం నుంచే సుప్రీంకోర్టుకు వెళ్లింది. తీసుకోకూడదని 2000 జనవరిలో గంగుల అశోక్ కేసులో తీర్పు వచ్చింది. దాంతో ఈ చట్టం కింద నడుస్తున్న కేసులు మళ్లీ వెనక్కి, మేజిస్ట్రేటు గుమ్మం దాకా నడవాల్సి వచ్చింది. ఇక్కడ ఆలస్యానికి ఏ వకీలూ కారణం కాదు, ఏ జడ్జీ కాదు. చట్టం రాసినప్పుడు వదిలేసిన ఖాళీ కారణం.

చుండూరు బాధితులు సాధించుకున్న గొప్ప విషయం ఒకటుంది. కోర్టునే ఊరికి తెచ్చుకున్నారు. నేరం జరిగిన గ్రామంలోనే ప్రత్యేక కోర్టు కూర్చుంది. సాక్షి కూలి మానుకుని దూరం పోవాల్సిన పని లేకపోయింది, బోనులో తన మనుషులు చూస్తుండగా మాట్లాడే ధైర్యం వచ్చింది. తమకు నమ్మకమున్న ప్రాసిక్యూటర్‌నే నియమించాలని పట్టుబట్టి బి. చంద్రశేఖర్‌ను సాధించుకున్నారు. వాళ్ల వెనక బొజ్జా తారకం వంటి న్యాయవాది ఉన్నారు. 2007 జులై 31న ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది శిక్ష వేసింది. విచారణ సాగిన ఏళ్లలో ముద్దాయిల్లో కొందరు చనిపోయారు, సాక్షులూ చనిపోయారు. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు ఆ శిక్షలన్నీ రద్దు చేసింది. హత్యలు ఏ వేళ, ఏ చోట, ఎవరి చేతిలో జరిగాయన్నది ప్రాసిక్యూషన్ ఖచ్చితంగా రుజువు చేయలేకపోయిందని అంది. పదమూడేళ్లు దాటాక బోనెక్కిన మనిషిని పొలంలో ఆ పూట గంట ఎంతైందని అడిగితే తడబాటు రాక మానదు. ఆ తడబాటు అబద్ధానికి గుర్తా, కాలానికి గుర్తా అని తూచడంలోనే అప్పీలు కోర్టు బాధ్యత ఉంటుంది. చుండూరులో ఆ తూకం బాధితుల వైపు మొగ్గలేదు.

కల్వచర్ల కేసులో కెమెరా ఉంది కాబట్టి జ్ఞాపకం మీద అంత భారం ఉండదనుకోవచ్చు. చట్టం దగ్గర వ్యవహారం అంత సులువు కాదు. చనిపోతున్న మనిషి తన చావుకు కారణం గురించి చెప్పిన మాట పాత సాక్ష్య చట్టం సెక్షన్ 32 కింద చెల్లుతుంది. డాక్టరు, మేజిస్ట్రేటు ఉండాలన్న నియమం లేదు. దారినపోయేవాడికి చెప్పినా చెల్లుతుంది. కానీ ఆ మాట ఫోన్‌లో రికార్డయి వాట్సాప్‌లో చేతులు మారినప్పుడు, మొదట తీసిన ఫోన్ ఏది, తీసినవారెవరు, మధ్యలో ఎవరైనా కోశారా, కలిపారా అన్న ప్రశ్నలు వస్తాయి. ఎలక్ట్రానిక్ సాక్ష్యాన్ని నకలుగా పెడితే సెక్షన్ 65బి ధ్రువపత్రం తప్పనిసరి అని సుప్రీంకోర్టు 2020లో అర్జున్ పండిత్‌రావు కేసులో తేల్చింది. కాబట్టి వీడియో ఎంతమంది చూశారన్నదానికి విలువ లేదు. దాన్ని తీసిన ఫోన్ ఎంత త్వరగా స్వాధీనమై, సీలు పడి, ల్యాబుకు చేరిందన్నదే లెక్క.

కుటుంబం అసంతృప్తి ఇక్కడే మొదలైంది. కొడుకు చివరి మాటల్లో వినిపించిన పేర్లన్నిటినీ పోలీసులు తేల్చలేదని, రాజకీయ పలుకుబడి ఉన్నవాళ్ల పాత్రను వదిలేశారని వామన్‌రావు తండ్రి ఆరోపించారు. దర్యాప్తును సీబీఐకి ఇవ్వాలని సుప్రీంకోర్టుకు వెళ్లారు. కొడుకును, కోడలిని పోగొట్టుకున్న ఆ వృద్ధుడు మిగిలిన బలమంతా ఆ ఒక్క పిటిషన్ మీదే పెట్టారు. ఆ వీడియో అసలుదేనా అన్న ప్రశ్నను కూడా సుప్రీంకోర్టు పట్టించుకుంది. హత్య జరిగిన మొదటి వారంలోనే తేలిపోవాల్సిన ప్రశ్న అది.

ఈ మధ్యలో చట్టాలు మారాయి. 2024 జులై 1 నుంచి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ స్థానంలో భారతీయ నాగరిక్ సురక్షా సంహిత అమల్లోకి వచ్చింది. పక్షాలు తప్పనిసరి కారణం చూపినా రెండుకు మించి వాయిదాలు ఇవ్వకూడదని దాని సెక్షన్ 346 చెబుతుంది. సాక్షుల రక్షణకు రాష్ట్రాలు పథకం రూపొందించాలని సెక్షన్ 398 చెబుతుంది. 2018లో మహేందర్ చావ్లా కేసులో సుప్రీంకోర్టు అలాంటి పథకాన్నే ఆమోదించి, చట్టం వచ్చేదాకా అన్ని రాష్ట్రాలూ పాటించాలంది. రోజువారీ విచారణ జరపాలన్న ఆదేశం పాత కోడ్ సెక్షన్ 309లో కూడా ఉండేది. ప్రాసిక్యూటర్లు, జడ్జీలు, స్టెనోలు సరిపడా లేని కోర్టులో ఆ సెక్షన్ గోడ మీది క్యాలెండర్‌లా వేలాడుతూ వచ్చింది. న్యాయవాదుల రక్షణకు 2023లో రాజస్థాన్, కర్ణాటక శాసనసభలు చట్టాలు చేశాయి. కల్వచర్ల తర్వాత తెలంగాణ వకీళ్లు చేసిన డిమాండూ అదే.

2025 ఆగస్టు 12న జస్టిస్ ఎం.ఎం. సుందరేశ్, జస్టిస్ ఎన్. కోటీశ్వర్ సింగ్ ధర్మాసనం దర్యాప్తును సీబీఐకి అప్పగించింది. హత్య జరిగి అప్పటికి నాలుగేళ్ల ఐదు నెలల ఇరవై ఆరు రోజులు. వామన్‌రావు తండ్రికి అది గెలుపు. కేసుకు మాత్రం పాత మెట్లు మళ్లీ ఎక్కే పని. కొత్త దర్యాప్తు సంస్థ సాక్షులను మళ్లీ పిలిచి మళ్లీ వాంగ్మూలాలు రాసుకుంటుంది. కొత్తగా ఎవరి పాత్రయినా తేలితే అదనపు అభియోగపత్రం, దాని నకళ్లు, దాని మీద డిశ్చార్జి పిటిషన్లు. ఆ రోజు బస్సు కిటికీ పక్కన కూర్చున్న ప్రయాణికుడి పేరిట అప్పుడు రెండు వాంగ్మూలాలుంటాయి, ఒకటి 2021లో రామగుండం పోలీసులకు చెప్పింది, రెండోది ఏళ్ల తర్వాత సీబీఐకి చెప్పింది. అతను బోనెక్కిన రోజు డిఫెన్స్ వకీలు ఆ రెండు కాగితాలనూ పక్కపక్కన పెట్టుకుని, రెండోదాంట్లో ఉన్న మాట మొదటిదాంట్లో ఎందుకు లేదని అడగడంతో క్రాస్ మొదలుపెడతారు.